ముసురులో విడిది

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున సుమారు 70 కిలోమీటర్ల దూరమున వికారాబాదు పట్టణము కలదు. 2016వ సంవత్సరమున అది జిల్లాకు కేంద్రమయ్యెను. దానికి చేరువలోనే అనంతగిరి కొండలున్నవి. హిమాలయములను చూచి వచ్చినవారికి ఇవి కొండలుగానే తోచకపోవచ్చును. వీనికి వాడియైన శిఖరములు లేవు. పైభాగమంతయు బల్లపరుపుగా నుండును. కాని వానకాలమున మబ్బు క్రిందికి దిగి ఆ అడవిని కమ్ముకొన్నప్పుడు వీనిని చూడవలెను. కొండమీద అనంత పద్మనాభస్వామి ఆలయము కలదు. కాలయవనుని తన చూపుతోనే భస్మము చేసిన ముచుకుందుడు నిద్రించిన గుహ ఇచటనే యున్నదని ప్రజలు చెప్పుకొందురు. ఆ రాజు పేరనే ముచుకుంద యనబడు మూసీనది ఈ కొండలలో పుట్టి, తూర్పుగా ప్రవహించి, హైదరాబాదు నడుమనుండి సాగి, వాడపల్లి యొద్ద కృష్ణలో కలియుచున్నది.

చేతిఫోనులు ఇంకను రాని దినములలో ఆ పట్టణపు ఉన్నత పాఠశాలలో నలుగురు మిత్రులు చదువుకొనుచుండిరి. ఒకడు రైతు బిడ్డ. ఒకడు వడ్రంగి కుమారుడు. ఇంకొకడు ఉపాధ్యాయుని కొడుకు. వాడు స్కౌటు దళమున చేరి ముడులు వేయుటయు, గుడారము నెత్తుటయు నేర్చినవాడు. నాలుగవవాడు రైల్వేలో పనిచేయు గార్డు కుమారుడు. శ్రావణమాసమున ఒక శనివారము బడి ఒంటిపూటతో ముగియునని తెలిసి, ఆ రాత్రి కొండ పాదమున గుడారము వేసికొని యుండవలెనని వారు నిశ్చయించుకొనిరి. అచట రైతు బిడ్డకు మేనమామ చెలక యొకటి కలదు. ఊరినుండి దానికి 5 కిలోమీటర్లే.

తల్లులు ఒప్పుకొనలేదు. మూడు దినములనుండి ముసురు పట్టియున్నది. అయినను ఉపాధ్యాయుని కొడుకు నాలుగిండ్లకును పోయి, "అమ్మా, మేము కాశీకి పోవుట లేదు. వాన హెచ్చినచో గంటలో ఇల్లు చేరెదము" అని నచ్చజెప్పెను. ఇంత దగ్గర నుండగా భయమేమి యను మాట అందరికిని సబబుగానే తోచెను. గార్డు కుమారుడు మాత్రము కొంత తటపటాయించెను. వాని అన్న సైన్యమున సిపాయి. సెలవు ముగించుకొని ఆదివారము సాయంకాలపు బండికి మరల పోవలసియున్నది. మరల సెలవు దొరకుటకు ఏడాది పట్టవచ్చును. "పోయి రారా తమ్ముడా! రేపు మధ్యాహ్నమునకు నీవు వచ్చిన చాలును. కలిసి భోజనము చేయుదము" అని అన్నయే వానిని పంపెను.

పాఠశాలనుండి తెచ్చిన నూలుగుడ్డ గుడారము, ఒక తాడిపత్రి, నారత్రాళ్లు, గొడ్డలి, కందీలు, ఒక గిన్నె, బియ్యము, కందిపప్పు, ఉప్పు, కారము, చింతపండు, రెండుపూటలకు చాలిన జొన్నరొట్టెలు మూటగట్టుకొని వారు బయలుదేరిరి. చెలకకు ముందు ఒక వాగు అడ్డముగా ప్రవహించును. దానిమీద వంతెన లేదు. బండ్లు దిగిపోవుటకు రాళ్లు పరచిన దారి మాత్రముండెను. ఆనాడు నీరు చీలమండలను దాటలేదు. నలుగురును చెప్పులు చేతబట్టి నవ్వుకొనుచు దాటిరి.

వాగు ఆవలి యొడ్డున తెల్లని యిసుక మెత్తగా, సమముగా పరచుకొని యుండెను. చుట్టును వావిలి పొదలు. నీరు చేతికందునంత దూరమున నుండెను. విడిదికి ఇంతకంటె మంచి చోటు దొరకదని వారు అచటనే మూటలు దింపిరి. గుడారము సగము లేచునంతలో గొర్రెలను తోలుకొని ఒక కురుమ వృద్ధుడు ఆ దారిని వచ్చెను. ఆతడు నల్లని గొంగడిని తలమీదుగా మడిచి కప్పుకొనియుండెను. గొంగడి నేయువారు ఉన్నినూలునకు చింతగింజల గంజి పట్టింతురు. అట్టి గొంగడి కప్పుకొన్నవాడు ముసురులో దినమంతయు తిరిగినను, లోపల వెచ్చగనే యుండును.

"బిడ్డలారా! ఇచట ఎవరిని పండుకొనబెట్టుదురు?" అని వృద్ధుడడిగెను.

"మేమే తాతా! ఇసుక మెత్తగా నున్నది గదా" అని రైతు బిడ్డ బదులు చెప్పెను.

వృద్ధుడు మరేమియు అనక తన చేతికఱ్ఱతో ఒక వావిలి కొమ్మను చూపెను. దానిలో ఎండిన గడ్డియు, పుల్లలును, ఒక చినిగిన గోనెముక్కయు చిక్కుకొని తోరణమువలె వ్రేలాడుచుండెను. అది ఆ పిల్లల ఱొమ్ముల యెత్తుననున్నది.

"ఈ తోరణము ఎవరు కట్టిరో చెప్పుడు."

ఎవరును పలుకలేదు. గడ్డిపోచలన్నియు ఒకే దిక్కునకు, నీరు పోవు దిక్కునకు, వాలియుండుట వడ్రంగి కుమారుడు గమనించెను. వరద వచ్చినప్పుడు నీరు అంత యెత్తు లేచి, ఆ చెత్తను కొమ్మలకు చుట్టి పోయినదని వానికి తెలిసెను. ఉపాధ్యాయుని కొడుకు మాత్రము, "తాతా, మీదనున్నది సన్నని తుంపురే గదా! ఈ వానకు వాగు వచ్చునా?" అని వాదించెను. సగము వేసిన గుడారమును విప్పుట ఎవరికిని ఇష్టము కాదు. వానికి మరియు కష్టము, ఏలయన ఆ చోటు నెన్నినవాడు వాడే.

"వాగు రావలెనన్న వాన నీ నెత్తిమీద కురియనక్కరలేదు బిడ్డా! అదిగో, దానిమీద కురిసిన చాలును" అని వృద్ధుడు మబ్బులో మునిగియున్న కొండను చూపి, గొర్రెలను అదలించుకొని ముందుకు సాగెను.

రైతు బిడ్డ గూటములను పెరుకసాగెను. తక్కినవారు అనుసరించిరి. చెలక గట్టు వాగునకు నాలుగు నిలువుల యెత్తున నుండెను. అచట ఎఱ్ఱని గులకనేల, నీరు నిలువదు. గట్టు చివర ఒంటిగా నొక పెద్ద మామిడిచెట్టున్నను దానిక్రింద గుడారము వేయలేదు. ఉఱుములు మెఱపులు గల వానలో ఒంటిచెట్టు నీడ మిక్కిలి అపాయకరమని బడిలో చదివియుండిరి. చెట్టునకు దూరముగా, కొంచెము వాలుగానున్న చోట గుడారము నెత్తి, ఎగువప్రక్క జానెడు వెడల్పున కాలువ త్రవ్వి, నీరు రెండుప్రక్కలకు పోవునట్లు చేసిరి. పాత గూటములు రెండు విరిగిపోగా వడ్రంగి కుమారుడు చండ్రకొమ్మను నఱికి క్రొత్తవి చెక్కెను. వానిని నిలువుగా గాక, తల గుడారమునకు ఎడముగా వంగియుండునట్లు దిగగొట్టెను. అట్లు కొట్టిన గూటము త్రాడు లాగినకొలది బిగియునేగాని పైకి రాదు. స్కౌటు నేర్చిన విద్య ఇంకొకచోట పనికివచ్చెను. నారత్రాడు తడిసిన బిగుసుకొని పొట్టియగును. బిగదీసి కట్టినచో అర్ధరాత్రమున గూటమునైనను పెరుకును, గుడ్డనైనను చింపును. అందుచేత ఉపాధ్యాయుని కొడుకు త్రాళ్లన్నిటిని కొంచెము వదులుచేసెను.

నిప్పు చేయుట యొక గొప్ప పని యయ్యెను. నేలబడిన పుల్లలన్నియు నానిపోయినవి. చెట్లమీదనే ఎండి నిలిచియున్న సన్నని పుల్లలను విఱిచి తెచ్చిరి. లావుపాటి కట్టెను గొడ్డలితో చీల్చి లోపలి పొడి చెక్కను తీసిరి. అయినను అరపెట్టె అగ్గిపుల్లలు ఖర్చయినవి. వృద్ధుడు గొర్రెల దొడ్డినుండి నాలుగు పిడకలు తెచ్చియిచ్చినపిమ్మటనే మంట నిలిచినది. పప్పు సగమే ఉడికెను. చింతపండు పులుసులో ముంచి జొన్నరొట్టెలు తినిరి. ఆ రుచిని గూర్చి వారు తరువాత ఎన్నియో యేండ్లు చెప్పుకొనిరట. పొగకు కండ్లు మండుచుండగా తిన్న ఆ తిండి ఇంటియొద్ద పెట్టినచో ఒక్కరును ముట్టియుండరు.

రాత్రి తొమ్మిది గంటలకు వాన హెచ్చెను. నూలుగుడ్డ గుడారము తడిసిన తరువాత లోపలినుండి దానిని తాకరాదు. తాకిన చోటనుండి చుక్కలు కారుట మొదలిడును. గార్డు కుమారుడు నిద్రలో మోచేయి తగిలించి, తన పక్కనంతటిని తడుపుకొనెను. ఇక నిద్ర యెక్కడిది? నలుగురును నడుమకు జరిగి, తాడిపత్రి కప్పుకొని కూర్చుండిరి. అప్పుడు ఉపాధ్యాయుని కొడుకు తన తండ్రి నోట విన్న మూసీ వరదను గూర్చి చెప్పెను.

1908వ సంవత్సరము సెప్టెంబరు నెల చివరిదినములలో మూసీ పరీవాహక ప్రాంతమంతటను కుంభవృష్టి కురిసెను. ఎగువనున్న చెరువులు ఒకదాని నీరు ఒకదానిపై బడి వరుసగా తెగిపోయెను. అట్లు తెగినవి రెండువందలకు పైమాట. 28వ తేదీన ఆ నీరంతయు ఒక్కటై హైదరాబాదుమీద పడెను. వంతెనలు మునిగిపోయినవి, పేటలకు పేటలు కొట్టుకొనిపోయినవి, వేలకొలది జనులు మరణించిరి. అఫ్జల్‌గంజి తోటలోని చింతచెట్టు నెక్కిన సుమారు 150 మంది మాత్రము బ్రతికి బయటపడిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. ఇట్టి విపత్తు మరల రాకుండ మార్గము చెప్పుమని నిజాము ప్రభుత్వము 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించెను. నగరమునకు ఎగువన వరదనీటిని నిలిపి, మెల్లమెల్లగా వదలవలెనని ఆయన సూచించెను. 1920లో మూసీమీద ఉస్మాన్ సాగరమును, 1927లో ఈసీమీద హిమాయత్ సాగరమును అట్లు ఏర్పడినవే. వరదను ఆపుటకు కట్టిన ఆ జలాశయములే నగరమునకు త్రాగునీరును ఇచ్చినవి.

"అయితే ఆ నీరు ఈ కొండనుండియే పోయినదా?" అని గార్డు కుమారుడడిగెను.

"అంతయు గాదు. ఎన్నో వాగులు కలిసినవి. మన వాగువంటివి" అని వాడు చెప్పుచుండగా క్రిందనుండి యొక శబ్దము వినబడెను. బండి వంతెనమీద పోవునట్టి శబ్దమది. కాని బండి శబ్దము దాటిపోవును, ఇది దాటిపోలేదు. రాళ్లు నీటి అడుగున దొర్లుచున్నవి. కందీలు పట్టుకొని గట్టు అంచునకు వచ్చి చూచిరి. సాయంకాలము మెత్తగానున్నదని ముచ్చటపడిన ఇసుక కనబడలేదు. వావిలి పొదల తలలు మాత్రము నీటిపై వణకుచుండెను. ఉపాధ్యాయుని కొడుకు కందీలును నేలపై పెట్టి చాలసేపు మాటలాడలేదు.

తెల్లవారెను. వాన కొంచెము తెరపి యిచ్చినది గాని వాగు తగ్గలేదు, పెరుగుచునే యుండెను. వాన ఆగిన వెంటనే వాగు తగ్గునని తలచుట పొరపాటు. ఆ కొండపై చిల్లులు చిల్లులుగానుండు ఎఱ్ఱరాయి యెక్కువ. అది కొంత నీటిని పీల్చుకొని ఊటలుగా విడుచును. తక్కిన నీరు వందల పాయలనుండి దిగి వాగును చేరుటకు కొంత కాలము పట్టును. కావున కొండమీద వాన వెలిసిన పిదపగూడ దిగువను నీరు కొంతసేపు హెచ్చుచుండును. ఎనిమిది గంటలకు మబ్బు మరల క్రమ్మి వాన జోరందుకొనెను. ఆవలి యొడ్డు కనబడకుండ పోయెను.

గార్డు కుమారునకు మనసు మనసున లేదు. "బండి సాయంకాలమునకు గదా, నీరు తగ్గును" అని తక్కినవారు ఓదార్చిరి. పదింటికి వాడు చొక్కా విప్పి, లాగు పైకి మడిచి వాగువైపు దిగెను.

"నాకు ఈత వచ్చును. దారిమీది రాళ్లు నాకు తెలియును. మీరు ఒడ్డున త్రాడు పట్టుకొనుడు, నేను నడుమునకు కట్టుకొని పోయెదను."

ఉపాధ్యాయుని కొడుకు త్రాడు అందుకొనెను. మిత్రుని దుఃఖము చూడలేక అందుకొనెనేగాని ఆలోచించి గాదు. అప్పుడు వడ్రంగి కుమారుడు పొయ్యికి తెచ్చిన లావుపాటి మొద్దు నొకదానిని ఎత్తి, దారి యున్న చోటునకు సరిగా నీటిలో విసరెను. అది ఒక్కసారి మునిగి, నిలువుగా లేచి, గిరగిర తిరిగి, రెప్పపాటులో మలుపు దాటిపోయెను. ఎవరును మాటాడలేదు.

నిలుకడనీటిలో మోకాలి లోతు ఒక లోతుగాదు. పరుగెత్తు నీటిలో మోకాలి లోతు నిండు మనుష్యుని పడగొట్టును. నీటి వేగము రెట్టింపైన దాని త్రోపుడు నాలుగింతలగును. మురికినీటిలో దారి యున్నదో, కోసుకొనిపోయినదో కంటికి తెలియదు. నడుమునకు త్రాడు కట్టుకొన్నవాడు కాలు జారి పడినచో, త్రాడు బిగిసినకొలది ప్రవాహము వానిని అడుగునకే నొక్కును. ఒడ్డుననున్నవారు లాగుట రక్షించుట కాదు, ముంచుట. ఈతలో ఆరితేరినవారును ఇట్టి వాగులలో పోవుచున్నారు.

వృద్ధుడు గొర్రెలను దొడ్డిలోనే వదలి వచ్చి, పిల్లవాని చేయి పట్టుకొని నీటి యొడ్డునకు తీసికొనిపోయెను. గుప్పెడు రాయి నొకదానిని సరిగా నీటి అంచున నిలిపి, "ఇది చూచుచుండుము. నీరు దీనిని ముంచినచో వాగు పెరుగుచున్నది. రాయిని విడిచి క్రిందికి దిగినచో తగ్గుచున్నది. తగ్గినప్పుడు క్రొత్త అంచున ఇంకొక రాయి పెట్టుము. వాగుతో కొట్లాడరాదు బిడ్డా, కావలి కాయవలెను" అనెను.

"కొండమీది దారిని పోరాదా తాతా?"

"ఆ దారిలో ఇట్టివే రెండు వంకలున్నవి. అచట నిన్ను వద్దనువాడు గూడ ఉండడు."

వాడు రాయియొద్ద కూర్చుండెను. మొదటి రాయి మునిగెను. రెండవ రాయి మునిగెను. రొట్టెలు అయిపోయినవి, మిత్రులు గంజి కాచి తెచ్చినను వాడు త్రాగలేదు. వృద్ధుడు తన గొంగడిని వానిపై కప్పి వెళ్లెను. మధ్యాహ్నమునకు మూడవ రాయిని నీరు తాకెను గాని ముంచలేదు. అన్నతో భోజనము చేయవలసిన వేళ అది.

రెండు గంటల వేళకు వాన సన్నగిల్లెను. మూడవ రాయికిని నీటికిని నడుమ బెత్తెడు తడినేల బయటపడెను. అప్పుడు ఆవలి యొడ్డు మసకమసకగా కనబడినది. తుమ్మచెట్టునకు ఆనించిన సైకిలు, దానిప్రక్క గొడుగు పట్టుకొని యొక మనిషి!

"అన్నా!" అని వాడు గొంతు చించుకొని యరచెను. వాగు హోరులో ఆ కేక వాని మిత్రులకే సరిగా వినబడలేదు. కాని ఆవలి మనిషి గొడుగు నెత్తి ఊపెను. ఏమేమో చెప్పెను, పెదవుల కదలికయైనను తెలియనంత దూరము. ఇటువైపువాడు రెండడుగులు నీటివైపు వేయగానే అతడు గొడుగును పారవైచి, రెండు చేతులును ముందుకు చాచి, అఱచేతులు చూపుచు నిలువుమనెను. వాడు నిలిచిపోయెను. అతడు మరల చేతులతో కూర్చుండుమనెను. వాడు కూర్చుండెను.

అట్లే రెండు గంటలు గడచినవి. ఒకరు చెప్పినది ఒకరికి వినబడదు. నలుగురు పిల్లలును వరుసగా నిలిచి తాము క్షేమముగా నున్నట్లు చూపిరి. అన్న వేళ్లతో నలుగురిని లెక్కించి తల ఊపెను. అప్పుడప్పుడు అతడు నీటి అంచునకు వచ్చి వంగుచుండెను. కాళ్లకంటిన బురద కడుగుకొనుచున్నాడు గాబోలునని వారనుకొనిరి. ఇటువైపు వాడు నాలుగవ రాయిని పెట్టెను. అయిదవ రాయిని పెట్టెను. వాగు తగ్గుచున్నది, కాని ఇంకను తొడల లోతున ఎఱ్ఱగా పరుగెత్తుచున్నది.

నాలుగున్నర దాటిన పిమ్మట అన్న చేతి గడియారమును చూచుకొనెను. సైకిలు తీసెను. తిరిగి వచ్చి, సిపాయి నిలుచునట్లు నిటారుగా నిలిచి, తమ్మునికి వందనము చేసెను. ఇంటియొద్ద వాని కది నేర్పి నవ్వించుట అతనికి అలవాటు. వాడు గొంగడిలోనుండి చేయి బయటకు తీసి తిరిగి వందనము చేసెను. సైకిలు తుమ్మలచాటున కనుమరుగయ్యెను. నలుగురును క్షేమమని నాలుగిండ్లకును చెప్పినపిమ్మటనే అతడు స్టేషనుకు పోయెనని తరువాత తెలిసినది.

చీకటి పడబోవు వేళ గాలి ఊరివైపునుండి వీచెను. బండి కూత వినబడెను. మిత్రులు వానివైపు చూడలేదు. పొయ్యి ఊదుకొనుచు కూర్చుండిరి. అప్పటికి వాగు మోకాళ్ల లోతునకు వచ్చినదని రైతు బిడ్డ చెప్పెను గాని, చీకటిలో దాటుటకు వృద్ధుడు ఒప్పుకొనలేదు. ఆ రాత్రి అందరును ఆతని గుడిసెలోనే పండుకొనిరి.

సోమవారము ఉదయమున ఆకాశము కడిగినట్లుండెను. వాగు చీలమండల లోతున గలగలలాడుచు ప్రవహించుచుండెను. దారిమీది రాళ్లలో సగము కొట్టుకొనిపోయి, నడుమ నొకచోట నిలువులోతు గుంట ఏర్పడియుండెను. వడ్రంగి కుమారుడు కఱ్ఱతో అడుగు పరీక్షించుచు ముందు నడువగా తక్కినవారు ఆ గుంటకు ఎడముగా దాటిరి. బడి గంట వేళకు ఊరు చేరవలెనని ఉపాధ్యాయుని కొడుకు తొందరపెట్టుచుండెను.

గార్డు కుమారుడు ఆవలి యొడ్డున తుమ్మచెట్టు క్రింద నిలిచిపోయెను. అచట బురదలో సైకిలు చక్రపు గాడి యుండెను. దానికి దిగువను, వరద విడిచిన చెత్త గీతనుండి నీటివైపు, గుప్పెడేసి రాళ్లు వరుసగా నిలిపియున్నవి. వాడు వంగి లెక్కించెను. ఆరు రాళ్లు. మొదటిది చెత్త గీతను ఆనుకొనియే యుండెను.